నాన్న మాత్ర "ఎన్‌ఎండీఏ రిసెప్టర్" మీద పనిచేస్తుందట: అజినొమోటో మానితే సరిపోద్దా?

వంశధార_గట్టు
మా నాన్నకి 74. మతిమరుపు జబ్బు, అల్జీమర్స్ అని తేల్చారు. మెమాంటిన్ 5 మిల్లీగ్రాములతో మొదలెట్టి వారానికి 5 చొప్పున పెంచి 20కి తెచ్చారు. 20కి వచ్చి మూడు వారాలైంది. పది రోజుల నుంచీ పగలంతా మగత, లేచి నడిస్తే తూలు, రాత్రి గోడ మీద ఎవరో నిలబడ్డారంటున్నారు. మాత్రతో వచ్చిన కాగితంలో గ్లుటమేట్ తగిలే ఎన్‌ఎండీఏ రిసెప్టర్‌ని అడ్డుకునే మందు అని ఉంది. పక్కింటాయన అది చూసి "గ్లుటమేటంటే అజినొమోటోయే, బయట తిండి మానిపించీండి, మాత్రే అక్కర్లేదు" అన్నారు. జబ్బు ముదిరిందా, మందు పడలేదా, తిండి తేడానా? ఈ రిసెప్టర్లంటే ఏటో తెలిసినోళ్ళు విడమర్చి చెప్పండి. మాది సోంపేట దగ్గర.

పలాస_జీడి
పక్కింటాయన చెప్పింది నిజమే. అజినొమోటో ఎక్కిస్తే ఎలకల మెదడులో కణాలు చచ్చిపోయినట్టు 1969లోనే రుజువు చేసేరు. ముందు అది మానిపించండి.

చీటీ_చదివేవాడు
రిసెప్టర్ల సంగతి తర్వాత. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం మనిషి, 74 ఏళ్ళు, మెమాంటిన్ 20. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్ ఎంత? బరువెంత? ఇంకా ఏ మాత్రలు వాడుతున్నారు? ముందు ఈ మూడూ రాయండి. మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు, కానీ ఈ సంగతి వాయిదా కూడా వెయ్యొద్దు.

రాత్రిడ్యూటీ_న్యూరో
చీటీ_చదివేవాడు అడిగినదానికి జవాబు వచ్చేలోపు రిసెప్టర్ల గురించి చెప్తాను.

మెదడులో ఒక నరకణం పక్కదాన్ని తట్టి లేపడానికి ఎక్కువగా వాడే రసాయనం గ్లుటమేట్. ఆపడానికి వాడేది గాబా. గ్లుటమేట్ వచ్చి తగిలే చోటే రిసెప్టరు. ఇందులో రెండు తెగలున్నాయి. ఒకటి తలుపు తెగ: ఆంపా, ఎన్‌ఎండీఏ, కైనేట్. గ్లుటమేట్ తగిలితే ఇవి తెరుచుకుని సోడియం, కాల్షియం లాంటి అయాన్లని కణంలోకి వదుల్తాయి. రెండోది కబురు తెగ. దీనికి తలుపుండదు, కణం లోపలికి కబురు మాత్రం పంపుతుంది. నిదానంగా పనిచేస్తుంది. ఇందులో ఎనిమిది రకాలు.

ఆంపా తలుపు మిల్లీసెకన్లలో తెరిచి మూసేస్తుంది. ఎన్‌ఎండీఏ అలా కాదు. దానికి గ్లుటమేట్ ఒక్కటీ చాలదు, గ్లైసిన్ గానీ డీ-సెరిన్ గానీ కూడా వచ్చి తగలాలి. రెండూ తగిలినా రంధ్రంలో ఒక మెగ్నీషియం అయాను బిరడాలా కూర్చుని ఉంటుంది. కణం మామూలుగా ఉన్నప్పుడు లోపల సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు. ఆంపా తలుపుల్లోంచి సోడియం వచ్చి ఆ వోల్టేజి పైకి లేస్తేనే బిరడా ఊడుతుంది, కాల్షియం లోపలికి వస్తుంది. అంటే ఇటు నుంచి కబురు రావాలి, అటు కణం అప్పటికే మేలుకుని ఉండాలి. రెండూ ఒకేసారి జరిగితేనే ఆ రెండు కణాల మధ్య సంధి గట్టిపడుతుంది. మనం కొత్త విషయం నేర్చుకునేది ఇలాగే.

అదే తలుపు ఎక్కువసేపు తెరిచి ఉండిపోతే కాల్షియం వరదలా వచ్చేస్తుంది. ప్రోటీన్లని కోసే ఎంజైములు లేస్తాయి, మైటోకాండ్రియాలు ఉబ్బిపోతాయి, కణం చస్తుంది. అలా జరక్కుండా కాపలా కాసేవి పక్కనుండే ఆస్ట్రోసైట్లు అనే సహాయ కణాలు. విడుదలైన గ్లుటమేట్‌ని మిల్లీసెకన్లలో పీల్చేసి, గ్లుటమిన్‌గా మార్చి నరకణానికి తిరిగి ఇస్తాయి. ఆ పీల్చే పంపులు నడవాలంటే శక్తి కావాలి. శక్తి రావాలంటే రక్తం రావాలి.

అల్జీమర్స్‌లో ఈ పీల్చుడు మందగించి గ్లుటమేట్ కొద్దికొద్దిగా ఎప్పుడూ కారుతున్నట్టుంటుంది, బిరడా వదులైపోతుంది, రేడియోలో గరగర ఆగనట్టు. మెమాంటిన్ ఆ రంధ్రంలోనే కూర్చుంటుంది. మెగ్నీషియం కంటే కాస్త గట్టిగా పట్టుకుంటుంది, నిజమైన కబురు వచ్చినప్పుడు మాత్రం వదిలేస్తుంది. అందుకే కెటమిన్ అనే మత్తుమందు లాగా మత్తెక్కించదు. కానీ ఒంట్లో మోతాదు మించి పేరుకుంటే ఇదీ తలతిప్పుడు, మగత, లేనివి కనిపించడం తెస్తుంది.

వంశధార_గట్టు
మొన్నటి రిపోర్టు ఎదురుగా పెట్టుకుని రాస్తున్నాను. క్రియాటినిన్ 2.6. బరువు 50 కేజీలు. బీపీ మాత్ర ఒకటి, సోడా మాత్రలు రోజుకి మూడు, కాళ్ళ మంటలకి ప్రెగాబలిన్ 75 రాత్రిపూట. కిడ్నీకి ఒక డాక్టరు, మతిమరుపుకి ఇంకొక డాక్టరు. ఒకరి చీటీ ఇంకొకరికి చూపించలేదు.

చీటీ_చదివేవాడు
కలం తీసుకోండి. 140లోంచి వయసు తీసెయ్యండి: 66. దాన్ని బరువుతో గుణిస్తే 3300. క్రియాటినిన్ 2.6ని 72తో గుణిస్తే 187. 3300ని 187తో భాగిస్తే 17.6. ఆడవాళ్ళకైతే వచ్చినదాన్ని మళ్ళీ 0.85తో గుణించాలి. ఇది నిమిషానికి కిడ్నీ శుభ్రం చేసే రక్తం లెక్క, మిల్లీలీటర్లలో.

మెమాంటిన్ చాలావరకు కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది. ఈ లెక్క 5కీ 29కీ మధ్య వస్తే రోజు మొత్తానికి 10 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ నాన్నగారికి దానికి రెట్టింపు పడుతోంది. కిడ్నీ ఇంతగా దెబ్బతిన్నవాళ్ళలో మామూలు మోతాదుకే రక్తంలో మందు రెండింతలకు పైగా చేరుతుంది.

రెండో సంగతి సోడా మాత్రలు. వాటితో మూత్రం క్షారంగా మారితే మెమాంటిన్ బయటికి పోవడం బాగా తగ్గిపోతుంది. మూత్రం పీహెచ్ 8కి చేరితే 80 శాతం దాకా తగ్గుతుందని మందు కాగితంలోనే ఉంటుంది, సన్నక్షరాల్లో.

మూడు, ప్రెగాబలిన్. అదీ కిడ్నీ దారినే పోయే మందు, అదీ మగత తెస్తుంది, అదీ తూలిస్తుంది.

మూడూ ఒకే మనిషిలో కలిసినప్పుడు జబ్బు ముదిరిందని ఇప్పుడే అనుకోకండి. రెండు చీటీలూ, రిపోర్టూ, ఈ లెక్కా పట్టుకుని ఆ ఇద్దరిలో ఎవరు ముందు దొరికితే వాళ్ళ దగ్గరికి రేపే వెళ్ళండి.

కవిటి_కొబ్బరితోట
మరయితే సోడా ఆపీస్తే మందు బయటికి పోద్ది కదా? సులువు అదే.

చీటీ_చదివేవాడు
వద్దు కవిటి_కొబ్బరితోట. కిడ్నీ పాడైనవాళ్ళకి సోడా ఇచ్చేది రక్తంలో పేరుకునే ఆమ్లాన్ని విరచడానికి. అది ఆపితే ఆయాసం, కండ కరిగిపోవడం, పొటాషియం పెరగడం మొదలవుతాయి. సోడా అవసరాన్ని బట్టి ఉంటుంది, దానికి తగ్గట్టు మెమాంటిన్‌నే తగ్గించాలి.

రాత్రిడ్యూటీ_న్యూరో
చీటీ_చదివేవాడు లెక్కతో ఏకీభవిస్తున్నాను. ఒకటి కలుపుతాను. ముసలివాళ్ళకి ఉన్నట్టుండి మతి తప్పితే మందులతో పాటు ఇంకో నాలుగు చూడాలి: మూత్రంలో ఇన్‌ఫెక్షను, మలబద్ధకం, సోడియం తగ్గడం, ఈ మధ్య తల కొట్టుకుందా అన్నది. తూలుతున్న మనిషి కాబట్టి చివరిది తప్పకుండా అడగండి. మెల్లగా నెలల తరబడి దిగజారితే జబ్బు. పది రోజుల్లో మారిపోతే దానికి వేరే కారణం ఉంటుంది.

పలాస_జీడి
అన్నీ బాగానే ఉన్నాయి గాని నేను ఎత్తిన 1969 సంగతి ఎవరూ చెప్పలేదు.

పిండి_రుబ్బు
నేను చెప్తాను, ఆహారశాస్త్రం చెప్పే పని నాది. ఆ ప్రయోగం జాన్ ఓల్నీ చేశారు. అప్పుడే పుట్టిన ఎలక పిల్లలకి చర్మం కింద సూదితో ఎక్కించారు, ఒంటి బరువులో ఒక్కో గ్రాముకి అర మిల్లీగ్రాము నుంచి 4 మిల్లీగ్రాముల దాకా. 50 కేజీల మనిషికి లెక్క కడితే 25 గ్రాముల నుంచి 200 గ్రాములు, అదీ సూదితో, ఒక్కసారిగా. గ్లుటమేట్ మోతాదు మించితే నరకణాలు చస్తాయన్న ముఖ్యమైన సంగతి ఆ పనితోనే బయటపడింది. ఎక్సైటోటాక్సిసిటీ అనే మాటా ఆయనదే. కానీ దాన్ని తిండికి అతికించడం కుదరదు.

తిన్న గ్లుటమేట్‌లో సుమారు 95 శాతాన్ని పేగు గోడ కణాలే ఇంధనంగా తగలేసుకుంటాయి. మిగిలి రక్తంలోకి వెళ్ళినదాన్ని రక్తానికీ మెదడుకీ మధ్యనుండే కంచె లోపలికి రానివ్వదు. రక్తంలో గ్లుటమేట్ ఎప్పుడూ మెదడు ద్రవంలోకంటే పదుల రెట్లు ఎక్కువే ఉంటుంది, అయినా లోపలికి పోదు. మెదడు తనకి కావలసింది గ్లూకోజు నుంచి, గ్లుటమిన్ నుంచి తానే చేసుకుంటుంది. పండిన టమాటాలో 100 గ్రాములకి సుమారు 150 నుంచి 250 మిల్లీగ్రాముల విడి గ్లుటమేట్ ఉంటుంది. తల్లిపాలలో ఉండే విడి అమైనో ఆమ్లాల్లో ఎక్కువున్నది అదే. అజినొమోటో వల్ల అల్జీమర్స్ రాదు, మానితే తగ్గదు.

పలాస_జీడి
సూది సంగతి తెల్దు. ఒప్పుకున్నాను. అయితే మా ఇంట్లో టమాటా పప్పు ఈ వారం మళ్ళీ మొదలు.

పిండి_రుబ్బు
ఒక్క మాట మాత్రం నిజం. అజినొమోటోలో సోడియం సుమారు 12 శాతం. ఉప్పులో 39. కిడ్నీ మనిషికి, బీపీ మనిషికి బయటి ఫ్రైడ్ రైస్ తగ్గించమనేది ఈ సోడియం కోసం. దానికీ రిసెప్టర్లకీ సంబంధం లేదు.

గ్లుటమేట్ రిసెప్టర్ని నిజంగా పట్టుకుని కాల్చే తిండి ఒకటుంది: కేసరి పప్పు. అందులో ఓడాప్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, అది ఆంపా రిసెప్టర్‌కి తగిలి తలుపు తెరుస్తుంది. కరువు రోజుల్లో అదే ముఖ్యాహారంగా రెండు మూడు నెలలు తింటే కాళ్ళు బిగుసుకుపోయి కర్ర పట్టుకుని మునివేళ్ళ మీద నడిచే జబ్బు వస్తుంది. లాథిరిజం అంటారు. మళ్ళీ మామూలవదు. 1961లో దీని అమ్మకం మీద నిషేధం పెట్టారు. కందిపప్పులో, శనగపిండిలో కల్తీకి వాడతారు. కందిపప్పు బద్ద గుండ్రంగా ఉంటుంది. కేసరి గింజ పలకలుగా, ఒక పక్క ఏటవాలుగా, చిన్న గొడ్డలి ముక్కలా ఉంటుంది. పళ్ళెంలో పరిచి చూస్తే తెలిసిపోతుంది. పిండి చేస్తే కంటికి చిక్కదు, అందుకే శనగలు కొని మిల్లులో పట్టించుకోవడం మేలు.

గంటస్తంభం_విజీనగరం
మెమాంటిన్ జ్ఞాపకశక్తి మాత్రే కదా. గ్రూప్స్‌కి చదువుతున్న పిల్లలు వేసుకోవచ్చా? ఇక్కడ కోచింగు గదుల్లో పిల్లలు దీని గురించే మాట్లాడుకుంటున్నారు.

రాత్రిడ్యూటీ_న్యూరో
వద్దు. పైన రాసింది మళ్ళీ చదవండి. నేర్చుకోవడానికి ఎన్‌ఎండీఏ తలుపు తెరుచుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి గరగర లేదు, ఉన్నవన్నీ నిజమైన కబుర్లే. అక్కడ బిరడా పెడితే తలతిప్పుడు, తలనొప్పి తప్ప లాభం లేదు. ఆ రోజు కాల్షియంతో వేసిన గుర్తులు రాత్రి నిద్రలో పదునవుతాయి, కాబట్టి ఆ పిల్లలకి ఏడు గంటల నిద్ర ఇప్పించండి.

తోటపాలెం_అప్ప
మెగ్నీషియమే బిరడా అంటున్నారు కదా, మెగ్నీషియం మాత్రలు వేసుకుంటే మెదడుకి మంచిదేనా? వీడియోల్లో తెగ చెప్తున్నారు.

లేబర్‌రూం_సిస్టరు
నోటి మాత్రతో మెదడులో మెగ్నీషియం పెద్దగా పెరగదు, కంచె దగ్గరే అదుపు ఉంటుంది. కిడ్నీ పాడైనవాళ్ళకైతే అది ప్రమాదం కూడా. గ్యాసుకి తాగే తెల్ల టానిక్కుల్లో చాలావాటిలో మెగ్నీషియం ఉంటుంది. ఉద్దానం ఇళ్ళలో ఆ సీసా వెనక చదవకుండా తాగించకండి.

కానీ ఇదే మెగ్నీషియం సూదిగా ఇచ్చినప్పుడు ప్రాణాలు నిలబెడుతుంది. గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వస్తే, అంటే ఎక్లాంప్సియాలో, మొదటి మందు మెగ్నీషియం సల్ఫేటే. డయాజెపాం కంటే, ఫెనిటాయిన్ కంటే ఇదే మెరుగని 1995లో పెద్ద పరీక్షలో తేలింది. అది పనిచేసే దారుల్లో ఎన్‌ఎండీఏ తలుపుని మూయడం ఒకటి, మెదడు రక్తనాళాల బిగువు వదిలించడం ఇంకొకటి.

కొత్తగా డ్యూటీలో చేరినవాళ్ళు ఇక్కడ చదువుతుంటారు కాబట్టి లెక్క రాస్తున్నాను. మన దగ్గర ఆంప్యూలు 50 శాతం, 2 మిల్లీలీటర్లు, అంటే ఒక ఆంప్యూలు ఒక గ్రాము. పీహెచ్‌సీ నుంచి పెద్దాసుపత్రికి పంపే ముందు రెండు పిరుదుల్లో చెరి 5 గ్రాములు, అంటే ఒక్కో వైపు ఐదు ఆంప్యూలు, 10 మిల్లీలీటర్లు, లోతుగా కండలోకి. మొత్తం పది ఆంప్యూలు. ట్రేలో పదీ వరసగా పెట్టి, పగలగొట్టిన ఒక్కొక్కటీ పక్కన పెట్టి లెక్క చూసుకోండి. కంగారులో ఐదు దగ్గరే ఆగిపోవడం జరుగుతుంది. పెద్దాసుపత్రిలో నరానికి 4 గ్రాములు ఇవ్వాలంటే 8 మిల్లీలీటర్ల మందుకి 12 మిల్లీలీటర్ల సెలైన్ కలిపి 20 చేసి, ఐదు నిమిషాలకి తక్కువ కాకుండా మెల్లగా ఇవ్వాలి. 50 శాతం మందుని కలపకుండా నేరుగా నరంలోకి ఎప్పుడూ ఎక్కించొద్దు, గుండె ఆగిపోవచ్చు.

తర్వాత నాలుగు గంటలకొకసారి 5 గ్రాములు, ఒకసారి ఒక వైపు, మరోసారి ఇంకో వైపు, కాన్పు, ఆఖరి ఫిట్ రెంటిలో ఏది తర్వాతైతే దాని నుంచి 24 గంటల దాకా. ప్రతి మోతాదుకీ ముందు మూడు చూడాలి: మోకాలి మీద కొడితే కాలు ఎగురుతోందా, ఊపిరి నిమిషానికి 16కి తగ్గకుండా ఉందా, గంటకి కనీసం 30 మిల్లీలీటర్ల మూత్రం వస్తోందా. కాలు ఎగరకపోతే ఆ మోతాదు ఆపాలి. విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ 10 శాతం, 10 మిల్లీలీటర్లు, మెల్లగా నరానికి. అది సిరంజిలో ఎక్కించుకునే సిద్ధంగా ఉండాలి, అలమారాలో తాళం వేసి కాదు.

తోటపాలెం_అప్ప
ఇంత ఉందా దీని వెనక. మా వీధిలో ఎనిమిదో నెల అమ్మాయికి రెండ్రోజులుగా తలనొప్పి, కళ్ళ ముందు మిణుగురులు అంటోంది. అది బీపీ గుర్తేనా?

లేబర్‌రూం_సిస్టరు
అవును, ఈ రాత్రికే బీపీ చూపించండి. పై సంఖ్య 140 గానీ కింది సంఖ్య 90 గానీ, లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఇంటికి తీసుకురావద్దు. ముఖం వాపు, రొమ్ము కింద కడుపు నొప్పి ఉన్నా అంతే. 108కి చేస్తే వాళ్ళే తీసుకెళ్తారు.

నాగావళి_ఇసుక
ఫిట్స్ మాట వచ్చింది కాబట్టి. రోజూ తాగే మనిషి ఒక్కసారి మానేస్తే రెండో రోజు ఫిట్స్ ఎందుకొస్తాయి? మానడం మంచిదే కదా.

రాత్రిడ్యూటీ_న్యూరో
మానడం మంచిదే, ఉన్నట్టుండి ఇంట్లో మానిపించడమే ప్రమాదం. సారా ఎన్‌ఎండీఏని నొక్కిపెడుతుంది, గాబాని లేపుతుంది. ఏళ్ళ తరబడి అలా నొక్కితే మెదడు తూకం కోసం ఎన్‌ఎండీఏ రిసెప్టర్లని పెంచుకుంటుంది. ఒక్కసారిగా సారా ఆగితే పెరిగిన రిసెప్టర్లన్నీ అదుపు లేకుండా మిగిలిపోతాయి. ఆఖరి గ్లాసు తర్వాత 6 గంటల నుంచి 48 గంటల లోపు ఫిట్స్, రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా వణుకు, చెమటలు, జ్వరం, లేనివి కనిపించడం. రెండోదాంట్లో ప్రాణం పోవచ్చు. మాల వేసుకుని మానేసేవాళ్ళలో ఇది చూస్తుంటాం. దీక్ష మొదలెట్టే వారం ముందే డాక్టరుకి చూపిస్తే మాత్రలతో ఐదారు రోజుల్లో క్షేమంగా దించవచ్చు. ఆసుపత్రిలో గ్లూకోజు సీసా కట్టేముందు థయమిన్, అంటే విటమిన్ బీ1 సూది పడిందా అని అడగండి. థయమిన్ లేని ఒంట్లోకి ముందు గ్లూకోజు పోస్తే మెదడుకి ఇంకో దెబ్బ తగులుతుంది.

గంటస్తంభం_విజీనగరం
ఫిట్ ఇంట్లోనే వస్తే? చేతిలో తాళాలు పెడతారు మావాళ్ళు.

రాత్రిడ్యూటీ_న్యూరో
తాళాలు, ఉల్లిపాయ, నోట్లో చెంచా ఏవీ వద్దు. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే తనంతట ఆగడం కష్టం, ఎందుకో చెప్తాను: ఫిట్ సాగేకొద్దీ గాబా రిసెప్టర్లు కణం లోపలికి జారిపోతాయి, ఎన్‌ఎండీఏ రిసెప్టర్లు పైకి వచ్చి చేరతాయి. డయాజెపాం, మిడజోలాం పనిచేసేది గాబా మీద. కాబట్టి అదే మందు ఐదో నిమిషంలో పట్టినట్టు నలభయ్యో నిమిషంలో పట్టదు. అందుకే మొండి ఫిట్స్‌కి ఐసీయూలో ఎన్‌ఎండీఏని మూసే కెటమిన్ వాడతారు.

మూర్ఛ ఉన్న పిల్లల ఇళ్ళలో మిడజోలాం ముక్కు స్ప్రే ఉంచుకోవచ్చు. మోతాదు సాధారణంగా కేజీకి 0.2 మిల్లీగ్రాము. 20 కేజీల పిల్లకి 4 మిల్లీగ్రాములు. స్ప్రేలు రకరకాల బలాల్లో వస్తాయి. ఒక నొక్కుకి 0.5 మిల్లీగ్రాము వచ్చే సీసా అయితే రెండు ముక్కుల్లో కలిపి 8 నొక్కులు, 1.25 వచ్చేదైతే 3. సీసా మారినప్పుడు నొక్కుల లెక్క మార్చకపోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు. డాక్టరు చేత నొక్కుల సంఖ్య సీసా మీదే మార్కరుతో రాయించుకోండి. కొత్త సీసా అయితే మొదటి రెండు మూడు నొక్కులు గాల్లోకి పోనిచ్చి, తుంపర వచ్చాకే వాడాలి.

కోట_జంక్షన్
పెరాంపనెల్ కూడా గ్లుటమేట్ మందే కదా? ఫిట్స్‌కి కొత్తగా రాశారు. చిరాకు ఎక్కువైంది.

చీటీ_చదివేవాడు
ఆంపా తలుపుని మూసే మందు అది. రాత్రి పడుకోబోయే ముందే వెయ్యాలి, 2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. కోపం, తగాదాలకి దిగడం దాని మీద పెద్ద హెచ్చరికగా రాసి ఉంటుంది, కాబట్టి ఆ చిరాకుని మనిషి స్వభావం అనుకుని వదిలెయ్యకండి, డాక్టరుకి ఈ వారమే చెప్పండి. దాంతో పాటు కార్బమజెపిన్ గానీ ఫెనిటాయిన్ గానీ ఉంటే చెప్పండి, అవి పెరాంపనెల్‌ని రక్తంలో సగానికి, అంతకంటే కిందికి దించేస్తాయి. వాటిని ఆపితే ఇది ఒక్కసారిగా పెరుగుతుంది.

పైడితల్లి_తోవ
ఇక్కడ ఎవరూ ఎత్తని సంగతి ఒకటి. వయసులో ఉన్న ఆడపిల్ల, పది రోజుల క్రితం కొంచెం జ్వరం, తలనొప్పి. తర్వాత నిద్ర లేదు, సంబంధం లేని మాటలు, భయం. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఇప్పుడు నోరు అదేపనిగా చప్పరిస్తోంది, చెయ్యి వంకర్లు తిరుగుతోంది. పిచ్చి అంటున్నారు. ఇది ఈ రిసెప్టర్లకి సంబంధించినదేనా?

రాత్రిడ్యూటీ_న్యూరో
ఇది చదివిన వెంటనే బయల్దేరండి. న్యూరాలజిస్టు, ఐసీయూ రెండూ ఉన్న చోటికి.

మీరు రాసిన వరస ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్‌ది కావచ్చు. 2007లో జోసెప్ దల్మావు బృందం పేరు పెట్టిన మెదడు వాపు జబ్బు. ఒంట్లో తయారైన యాంటీబాడీలు ఎన్‌ఎండీఏ రిసెప్టర్లో గ్లూఎన్1 అనే ముక్కకి అతుక్కుని, వాటిని జంటలుగా కట్టి కణం లోపలికి లాగేస్తాయి. తలుపులే మాయమైపోతాయి. ముందు మనసు మారినట్టు ఉంటుంది, తర్వాత ఫిట్స్, నోరు చప్పరించడం, చేతులు తిరగడం, మాట పడిపోవడం, ఆపైన ఊపిరి, గుండె వేగం, బీపీ అదుపు తప్పడం. యాంటీబాడీలు తీసేస్తే రిసెప్టర్లు మళ్ళీ పైకి వస్తాయి. అందుకే మంచం పట్టినవాళ్ళు కూడా లేచి తిరుగుతారు. వైద్యం అందిన వాళ్ళలో ఐదుగురిలో నలుగురు రెండేళ్ళకి తమ పనులు తాము చేసుకునేలా అయ్యారు.

వెళ్ళాక అడగాల్సినవి: వెన్ను నీరు పరీక్ష, అందులోనే ఎన్‌ఎండీఏ యాంటీబాడీ. రక్తంలో మాత్రమే చూసి లేదంటే నమ్మొద్దు, వెన్ను నీటిలో ఉండి రక్తంలో దొరకని వాళ్ళున్నారు. ఈఈజీ, అంటే మెదడు కరెంటుని గీసే పరీక్ష. హెర్పిస్ వైరస్ పరీక్ష, అది తేలేదాకా దాని మందు అసైక్లోవిర్. కడుపు స్కాను, ఎందుకంటే ఆడవాళ్ళలో చాలామందికి అండాశయంలో టెరటోమా అనే గడ్డ ఉంటుంది, దాన్ని తీస్తేనే జబ్బు కుదుటపడుతుంది. మందులు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ రోజుకి గ్రాము చొప్పున ఐదు రోజుల దాకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ కేజీకి 0.4 గ్రాము చొప్పున ఐదు రోజులు, లేదా ప్లాస్మా మార్పిడి. చాలకపోతే రిటుక్సిమాబ్. పిచ్చి మందులు ఎక్కువ ఇస్తే ఈ జబ్బులో ఒళ్ళు బిగుసుకుని జ్వరం ముదురుతుంది, ఆ సంగతి గుర్తుచెయ్యండి.

పైడితల్లి_తోవ
బండి మాట్లాడేను. విశాఖ ఎల్తన్నాం.

లేబర్‌రూం_సిస్టరు
దారిలో నోట్లో నీళ్ళు పొయ్యొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఇప్పటిదాకా వేసిన మాత్రల అట్టలన్నీ కవరులో పెట్టుకోండి. చేతులు తిరిగే వీడియో ఒకటి ఫోనులో ఉంచుకోండి, అక్కడికి చేరేసరికి ఆగిపోయినా డాక్టరు చూడగలరు.

ఇచ్ఛాపురం_బోర్డర్
పక్షవాతానికి కూడా ఈ గ్లుటమేటే కారణమంటారు. అయితే ఎన్‌ఎండీఏని మూసే మందు ఇచ్చేస్తే మెదడు బతుకుతుంది కదా, ఎందుకివ్వరు?

రాత్రిడ్యూటీ_న్యూరో
ఇచ్చి చూశారు, 1990ల్లో ఒకదాని తర్వాత ఒకటి. ఎలకల్లో పనిచేశాయి, మనుషుల్లో కాలేదు. రక్తం ఆగిన నిమిషాల్లోనే పీల్చే పంపులు ఆగి గ్లుటమేట్ పొంగిపోతుంది, మనిషి ఆసుపత్రికి చేరేది గంటల తర్వాత. పైగా బతికున్న కణాలకి కావలసిన కబుర్లనీ ఆ మందులు ఆపేశాయి. అందుకని గ్లుటమేట్‌ని పట్టుకోవడం కంటే నాళానికి అడ్డుపడిన రక్తపు గడ్డని కరిగించి రక్తం పంపడమే దారి. గడ్డ కరిగించే సూదికి గడువు నాలుగున్నర గంటలు. పెద్ద నాళం మూసుకుంటే నిమిషానికి సుమారు 19 లక్షల నరకణాలు పోతాయి.

మీ ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళానికి సుమారు 130 కిలోమీటర్లు, విశాఖకి ఇంకో 110. ఈ లెక్క ముందే వేసుకోండి. రాత్రిపూట కూడా సీటీ తీసి సూది ఇచ్చే ఆసుపత్రి మీకు దగ్గర్లో ఏదో ఈ రోజే కనుక్కుని ఫోనులో పెట్టుకోండి. మూతి ఒక పక్కకి పోయినా, ఒక చెయ్యి పడినా, మాట తడబడినా, ఆ మనిషి ఆఖరుసారి మామూలుగా కనిపించిన టైము కాగితం మీద రాయండి. పడుకున్నప్పుడు బాగుండి లేచేసరికి పడిపోతే, రాసుకోవాల్సింది పడుకున్న టైము. సీటీ కాకుండా ఆస్పిరిన్ వెయ్యొద్దు, పక్షవాతం నరం చిట్లడం వల్ల కూడా రావచ్చు. పావురం రక్తం రాసుకుంటూ, నాటు మందు కోసం తిరుగుతూ పోయిన రెండు గంటలు ఏ మందుతోనూ తిరిగి రావు.

ఇచ్ఛాపురం_బోర్డర్
రాసుకున్నాను. మా ఇంటి గడపలో కేలండరు వెనక అతికిస్తాను.

వంశధార_గట్టు
నాలుగు రోజులైంది, చెప్పాలి కదా. కిడ్నీ డాక్టరు దొరికారు ముందు. లెక్క కాగితం చూసి ఆయనే మతిమరుపు డాక్టరుకి ఫోను చేసి మాట్లాడేరు. మెమాంటిన్ 10కి దించారు, ప్రెగాబలిన్ 25 చేసేరు, సోడా అలాగే ఉంచారు. మూత్రం పరీక్షలో ఇన్‌ఫెక్షను లేదు. సోడియం మామూలే. మగత ఇంకా ఉంది. గోడ మీద మనిషి నిన్న రాత్రి రాలేదు. మందు తగ్గించినా మగత ఎందుకు పోలేదు?

చీటీ_చదివేవాడు
మెమాంటిన్ మామూలువాళ్ళలోనే రక్తంలో సగానికి దిగడానికి 60 నుంచి 80 గంటలు పడుతుంది. కిడ్నీ ఇంత తక్కువున్నప్పుడు దాదాపు రెట్టింపు, అంటే సగానికి దిగడానికే ఐదారు రోజులు. మూడు వారాల దాకా ఓపిక పట్టండి. మంచం పక్కన రాత్రి దీపం ఉంచి, లేచేటప్పుడు ఎవరో ఒకరు పట్టుకోండి. దగ్గు వస్తే షాపులో సొంతంగా సిరప్పు కొనొద్దు, చాలావాటిలో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉంటుంది, అదీ ఎన్‌ఎండీఏనే మూస్తుంది. ఎప్పుడైనా నాలుగైదు రోజులు మాత్ర తప్పిపోతే ఒక్కసారి 10 వెయ్యకుండా డాక్టరుని అడిగి 5తో మొదలెట్టండి. క్రియాటినిన్ మారినప్పుడల్లా ఆ 140 లెక్క మళ్ళీ వెయ్యండి.

పైడితల్లి_తోవ
వెన్ను నీరు తీసేరు, రిపోర్టు రావాలి. స్కానులో కుడి అండాశయంలో గడ్డ ఉందన్నారు. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఈ పూట మొదలెట్టేరు. తాయెత్తు విప్పలేదు, సూది కూడా ఆపలేదు.

రాత్రిడ్యూటీ_న్యూరో
తాయెత్తు ఉండనివ్వండి. గడ్డ తీసే తారీకు ఎప్పుడో సర్జన్ని ఈ రోజే అడగండి.